మడినీళ్ళ చెలమ

పామిడి,
పరాభవ చైత్ర బహుళ తదియ

భద్రక్కా,

ఉగాదికి నీ ఇంట్లో పచ్చడి తిని రాయదుర్గంలో బస్సెక్కిన రోజున, "పోయిన వెంటనే రెండు ముక్కలు రాయి" అని కిటికీ పట్టుకుని నడుస్తూ చెప్పినావు. ఆ రెండు ముక్కలకు ఇన్నాళ్ళు పట్టింది. ముందు బస్సు సంగతి చెప్తాను. తక్కినది చివర రాస్తాను. దాని దగ్గరికి వస్తే చెయ్యి ఆగిపోతోంది.

అనంతపురంలో బస్సు మారాలి కదా. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, బస్సు రాగానే అందరితోపాటు నేనూ ఎక్కినాను. లోపల మనుషులు లేరు. సీటుకొక టవలు మాత్రం ఉంది. కింద నుంచే కిటికీలోకి విసిరేసి, తీరిగ్గా కాఫీ తాగేదానికి పోయినారు పెద్దమనుషులు. నేను ఒక టవలు మెల్లగా పక్కకు జరిపి కూర్చోబోతే, ఒకాయన గ్లాసుతో సహా కిటికీ దగ్గరికి వచ్చి, "ఏమ్మా, టవలు కనపల్లేదా? ఆ సీట్లో మనిషి ఉండాడు" అన్నాడు. గుడ్డ ఉంది గానీ మనిషి ఎక్కడున్నాడయ్యా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. నా నోరు నీకు తెలుసు కదా, చిన్నప్పటి నుంచి మాట గొంతులోనే అరిగిపోతుంది. పామిడి దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చినాను. పక్కన ఒకాయన బీడీ మీద బీడీ. ముందు సీటామె వక్కాకు నమిలి కిటికీలోంచి ఉమ్మితే గాలికి లోపలికే వచ్చి నా పైటకొంగు మీద పడింది. "అయ్యో, ఏం గాలమ్మా ఇది" అనింది. తప్పంతా గాలిదే అయినట్టు! నలుగురు వాడుకునే చోట తక్కిన ముగ్గురున్నారనే తలపు లేకపోతే ఎట్లక్కా?

ఇంటికొస్తే ఏటి దగ్గరా ఇదే తంతు. ఈ ఏడు పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. మా ఇంటి బావి మాఘమాసంలోనే ఎండిపోయిందని నీకు చెప్పినాను కదా. ఊరంతా ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్ళు కొబ్బరిచిప్పతో తోడుకుంటున్నారు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. పెద్దబండ పక్కన ఉండే ఒక్క చెలమలో మాత్రం తియ్యగా ఉంటాయి. మా వీధీ, ఎగువపేటా అంతా దాని మీదే పడినాము. ఇక అక్కడ చూడు మనుషుల తీరు. ఒకడు చెలమ పక్కనే కూర్చుని పండ్లపుల్ల నమిలి ఉమ్ముతాడు. ఒకామె గేదెను కూడా వెంట తోలుకొస్తుంది. ఇంకొకామె గట్టు అంచున బాసింపట్టు వేసుకుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్తుంటే, ఆమె బరువుకు ఇసుక జారి గుంటలో పడుతుంది. జరగమంటే, "నీ ఇంటిదామ్మా ఏరు?" అంటుంది.

వీళ్ళందరిలో నాకు మరీ కష్టంగా తోచేది చిన్నక్క అనే పిల్ల. ఎగువపేటలో అత్తతో ఉంటుంది, గుత్తి రోడ్డు మీద కరువు పనిలో కంకర కొట్టేదానికి పొద్దున్నే లారీలో పోతుంది. పరుగెత్తుకుంటూ వస్తుంది. ముందున్నవాళ్ళను చూడదు, పెద్దా చిన్నా చూడదు, కడవ తెచ్చి గుంట అంచున టక్కున పెడుతుంది. "జరగండమ్మా, జల్దీ జల్దీ" అంటుంది. ఆ టక్కుమనే చప్పుడు వింటేనే నాకు గుండెలో పొడిచినట్టుంటుంది.

నా మటుకు నాకు వాళ్ళు ఒక మర్యాద చేస్తారు, అది చెప్పకపోతే పాపం. నేను తడిబట్టతో మడినీళ్ళకు పోయేసరికి అందరూ జరిగి దారి ఇస్తారు. అంతమంది చేతులు పెట్టిన నీళ్ళు దేవునికి ఎట్ల పనికొస్తాయి? అందుకని గుంటలో ఉన్న నీళ్ళన్నీ చిప్పతో తోడి అవతల పారబోసి, అడుగు నుంచి కొత్తగా ఊరేదాకా బండ మీద కూర్చుని తులసిమాల తిప్పుకుంటాను. మొదట్లో మాల ఒక చుట్టు తిరిగేలోగా నా బిందెకు సరిపడా ఊరేది. ఇప్పుడు చుట్టు మీద చుట్టు తిప్పాల్సి వస్తోంది. కరువులో కూడా దేవుడు నా చేత ఎక్కువ నామం చెప్పిస్తున్నాడని సంతోషపడినాను.

ఇప్పుడు అసలు సంగతి. శ్రీరామనవమికి ఎప్పటి మాదిరే పానకం, వడపప్పు చేసినాను. బెల్లం, మిరియాలు, ఏలకులు, అన్నీ నువ్వు కట్టి ఇచ్చినవే. వీధిలో ఇంటింటికీ పోయి బొట్టుపెట్టి పిలిచినాను. పూజ అయింది. హారతి అయింది. వాకిట్లో చాప పరిచి కూర్చున్నాను. ఎవ్వరూ రాలేదక్కా. ఆ ఎండలో, నాలుక పిడచకట్టుకుపోయే ఎండలో, ఒక్కరు కూడా పానకం తాగేదానికి రాలేదు. పక్కింటి చౌడక్కకు బాగాలేదేమోనని ఒక చెంబు నిండా పోసి, మూతపెట్టి, వాళ్ళ గడపలో ఇచ్చి వచ్చినాను. సాయంత్రానికి చెంబు తిరిగి వచ్చింది. నిండుగానే వచ్చింది. "కడుపులో బాగలేదమ్మా" అని గడప మీద పెట్టి, నా మొగం చూడకుండా పోయింది.

మీ మరిది అంగడి నుంచి వచ్చి, పానకం కాగు చూసి, ఏమీ అడగలేదు. రెండు గ్లాసులు తాగినాడు. మిగిలినది తులసికోటలో పోసినాను. ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు ఇది. నీకు చెప్పినాను.

బావకు నా నమస్కారాలు చెప్పు.

నీ చెల్లెలు
సుబ్బరత్న

*

పామిడి,
చైత్ర అమావాస్య

భద్రక్కా,

నీ జవాబు కోసం చూడకుండానే మళ్ళీ రాస్తున్నాను. ఈ ఉత్తరం బావకు చదివి వినిపించవద్దు.

పోయిన వారం ఏటి దగ్గర ఒక గలాటా అయింది. నేను చెలమ తోడి శుభ్రం చేసి బండ మీద కూర్చున్నాను. మాల తిప్పుతూ కళ్ళు మూసుకున్నాను. చిప్ప నీళ్ళలో మునిగిన చప్పుడుకు కళ్ళు తెరిస్తే, చిన్నక్క నా కొత్తనీళ్ళు తోడి తన కడవలో పోసుకుంటోంది. "ఏమే, కనపడలేదా నేను కూర్చున్నది?" అన్నాను. నా గొంతు లేచింది, నాకే ఆశ్చర్యమయింది. ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా, "కనపడింది కాబట్టే తోడుకుంటాండా. నువ్వు లేచేదాకా ఉంటే లారీ పోతాది" అనింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఒక్కరు కూడా ఆ పిల్లను ఇదేమి పద్ధతి అనలేదు. ఎవరో కిసుక్కున నవ్వినారు కూడా. నేను లేచి, ఆ నీళ్ళన్నీ మళ్ళీ తోడి పారబోసినాను. మళ్ళీ మొదటి నుంచి మాల పట్టుకున్నాను.

ఆ రోజే మా వీధి పెద్ద ఎర్రిస్వామి ఇంటికి పోయి, వాళ్ళ ఆడవాళ్ళతో చెప్పినాను. చెలమ దగ్గర ఒక వరస పెట్టించమన్నాను. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు, మధ్యలో దూరినవాళ్ళు అందరికన్నా వెనక. స్కూలు ఫైనలు దాకా చదివినదాన్ని, ఆమాత్రం న్యాయంగా చెప్పడం నాకు తెలుసు. ఆయన లోపల నుంచి విని, "అమ్మ చెప్పింది ధర్మమే" అన్నాడట. మరుసటి రోజు తలారి మారెప్ప వీధి వీధీ తిరిగి తప్పెట కొట్టి చాటినాడు. మారెప్పను తెల్లవారకముందే చెలమ దగ్గర నిలబెట్టినారు కూడా. మధ్యలో దూరబోయిన చిన్నక్కను చెయ్యి అడ్డం పెట్టి వెనక్కు పంపించినాడు. ఆ పిల్ల వరస చివర నిలబడి నన్నే చూస్తోంది. నేను చూడనట్టు మాల తిప్పుకున్నాను.

ఇప్పుడు ఏటి దగ్గర ఎంత సద్దు లేకుండా ఉందో నువ్వు చూడాలి. తోపులాట లేదు, కబుర్లు లేవు. నేను పోతే ఆ మిగిలిన మాటలు కూడా ఆగిపోతాయి. దారిలో ఎదురైనవాళ్ళు పక్క సందులోకి తిరిగిపోతున్నారు. పసుపు కుంకాలకు ఒకరి ఇంటికి పోతే, "మొన్ననే అయిపోయింది లేమ్మా" అన్నారు. ఏమి చేసినాను నేను? ఒకరి జోలికి పోయిందాన్ని కాదు. ఒకరిని చాటుగా ఒక మాట అన్నదాన్ని కాదు. ఈ ఏడాది పేరే పరాభవం. పేరు పెట్టినవాళ్ళు నా కోసమే పెట్టినట్టున్నారు.

ఇక నేను నిశ్చయం చేసుకున్నాను. ఈ ఊరు విడిచిపెట్టేస్తాను. మీ గుడివీధిలో గానీ, మీ ఇంటి వెనక గానీ, ఒక గదీ, దీపం పెట్టుకునే గూడూ ఉంటే చాలు, చూసిపెట్టు. మీ మరిదికి ఇంకా చెప్పలేదు. ఆయన ఇక్కడే అంగట్లో ఉంటూ, వారానికొకసారి వచ్చి పోతాడు. యాభై ఏళ్ళ వయసులో మొగుణ్ణి విడిచి అక్క పంచన చేరిందంటారు. అననీ. ఇక్కడ అనకుండానే అంటున్నారు, అది ఇంకా కష్టంగా ఉంది.

జల్దీగా జవాబు రాయి.

సుబ్బరత్న

*

పామిడి,
వైశాఖ శుద్ధ దశమి

అక్కా,

నీ కార్డు వచ్చింది. ఓదార్పు రాస్తావనుకున్నాను. "గది ఉంది, రా. కానీ వాళ్ళు పానకం ఎందుకు తాగలేదో అడిగి మరీ రా. అడక్కుండా వస్తే ఇక్కడా పానకం మిగులుతుంది" అని రాసినావు. చదివి నీ మీద కోపం వచ్చింది. రెండు రోజులు కార్డు దేవుని గూట్లో పెట్టేసినాను. మూడో రోజు చౌడక్క ఇంటికి పోయినాను.

ఆమె వాకిట్లో చింతకాయలు కొడుతోంది. నన్ను చూసి సుత్తి ఆపలేదు. "చౌడక్కా, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. నవమి రోజు నా పానకం ఎందుకు తాగలేదు?" అన్నాను. ఇంకో రెండు కాయలు కొట్టి, అప్పుడు సుత్తి కింద పెట్టింది.

"అడిగినావు కాబట్టి చెప్తా. కోపం చేసుకోవద్దు. చేసుకున్నా చేసుకో, నాకేమి? నువ్వు చెలమ కాడికి వస్తానే మేమందరం జరుగుతాం గదా, ఎందుకనుకుంటివి?"

"మర్యాదకు..."

"మర్యాదా!" ఆమె నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. "మా కొంగు నీకు తగిలిందంటే ఇంకోసారి తోడి పారబోస్తావని జరుగుతాం తల్లీ. ఒకతూరికే పొద్దెక్కిపోతాంది. రెండోతూరయితే మా గతేంది? నువ్వు పారబోసేవి ఎగువపేటలో ఒక కొంపకు రోజంతా సాలు. నీళ్ళు పారబోసి, మళ్ళా ఊరేదాకా బండ మీద కూసుని కండ్లు మూసుకుంటావు. మేము ఖాళీ కడవలు పట్టుకోని నీ మొగం చూసుకుంటా నిలబడాల. నువ్వు కండ్లు మూసుకున్నావు కాబట్టి మా మొగాలు నీకు కనపడలా."

అక్కడే చింతపిక్కల మీద కూర్చున్నాను.

"ముందే చెప్పి ఉండొచ్చు కదా చౌడక్కా" అన్నాను.

"ఎట్ల చెప్పేది? నువ్వేమన్నా కొట్లాడే మనిషివా? గొంతెత్తే మనిషయితే మేమూ గొంతెత్తేవాళ్ళం. నువ్వు మెత్తగా చేతిలో మాల పట్టుకోని వస్తావు. మాలతో ఎవరు కొట్లాడతారు?" అని, మెల్లగా ఇంకో మాట అనింది. "మేము ముట్టిన నీళ్ళు నీ దేవునికి పనికిరావు. మరి నువ్వు ముట్టిన నీళ్ళు మాకెందుకమ్మా? దప్పి మాకూ ఉండాది. రోషమూ ఉండాది."

అక్కా, ఇంతటితో అయి ఉంటే ఈ ఉత్తరం ఆ రోజే రాసి ఉండేదాన్ని. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది. "ఆ చెలమ ఎవరు తవ్విందో తెలుసునా నీకు?"

నేను ఎప్పుడూ ఆలోచించలేదు. పొద్దున పోయేసరికి పగలు జారిన ఇసుకంతా తీసేసి గుంట లోతుగా, శుభ్రంగా ఉంటుంది. దేవుని దయ అనుకునేదాన్ని.

"చిన్నక్క తవ్వింది. పగలంతా కంకర కొట్టి, పొద్దుగూకి ఇంటికి పోతా పోతా, గుంటలో దిగి ఇసుకంతా చేతుల్తో ఎత్తిపోసి పోతాది. తవ్వినోళ్ళది మొదటి కడవ. మా నాయన కాలం నుంచీ ఏటి న్యాయం అది. దాని కడవ అది పెట్టుకుంటే నువ్వు దొంగతనం మాదిరి చూసినావు. తప్పెట కొట్టించి దాన్ని కడాకు నిలబెట్టినావు. వరస వచ్చేసరికి లారీ పాయె. ఒకనాడు కాదు, వరసగా పాయె. రేపట్నుంచి రావద్దని చెప్పినాడంట మేస్త్రీ. ఇప్పుడు అదీ, దాని అత్తా చేలల్లో ఏరుకున్న కలెగూర ఉడకేసుకోని తింటాండారు."

ఇంటికి ఎట్ల వచ్చినానో తెలియదు. దేవుని గది ముందు కూర్చున్నాను గానీ లోపలికి పోలేకపోయినాను. ఆ పిల్ల చేతులు తవ్విన గుంటలో, ఆ పిల్ల చేతులు తగలని నీళ్ళు వెతుక్కున్నాను అక్కా. బస్సులో టవలు వేసినాయనను నీకు రాసిన ఉత్తరంలో ఎంత ఎగతాళి చేసినాను! ఆయన ఒక్క సీటు మీద వేసినాడు. నేను ఏటి మీదనే వేసినాను. ఆయన కాఫీ తాగి వచ్చేదాకా నేను నిలబడినట్టే, నేను మాల తిప్పి లేచేదాకా ఊరంతా నిలబడింది. ఇసుకలో గేదెను చూసినాను, ఉమ్మినవాణ్ణి చూసినాను. నన్ను మాత్రం చూసుకోలేదు. అద్దం ముందు పెట్టుకుని అందరి మొగాల మీదా మసి ఉందని చెప్తూ వచ్చినాను.

మధ్యాహ్నం మీ మరిది భోజనానికి వచ్చినప్పుడు అడిగినాను. "మీకు తెలుసా?" అన్నాను. ఏమిటని కూడా అడగలేదు ఆయన. అన్నం కలిపే చెయ్యి ఆగింది.

"అంగట్లో అనుకుంటాంటే విన్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు దేవుని పేరు మీద చేస్తాంటివి. దేవునికి అడ్డం ఎట్ల పోయేది?"

ఆయన వినయంగానే అన్నాడు. ఎగతాళి లేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి కూడా నాతో ఒక మాట చెప్పేదానికి భయపడేటట్టు బతికినాను, మెత్తని గొంతుతో.

ఆ రోజు నుంచి ఏటికి పోలేదు. పోయే మొగం లేదు. ఇంట్లో కుండలో ఉన్న నీళ్ళతో సర్దుకుంటున్నాము. నా కొరకు గది చూసి ఉంటే అట్లే పెట్టు. వచ్చేస్తానేమో. నన్ను ఎరగని ఊళ్ళో తల ఎత్తి నడవచ్చు కదా అని ఒక మనసు లాగుతోంది. ఇంకో మనసు నీ కార్డులో మాటే మళ్ళీ మళ్ళీ చదువుతోంది.

సుబ్బరత్న

*

పామిడి,
వైశాఖ బహుళ సప్తమి

భద్రక్కా,

నా నుంచి ఉత్తరం లేదని బెంగపడి ఉంటావు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు చిన్నక్క ఇంటికి పోయినాను. ఎగువపేటలోకి నేను అడుగుపెట్టడం అదే మొదలు. ఆ పిల్ల గడప దగ్గర కూర్చుని చేటతో ఏదో చెరుగుతోంది, చేటలో ఏముందో నేను చూడలేదు, చూడకూడదనిపించింది. "తప్పు నాదమ్మా" అన్నాను. అంతవరకే వచ్చింది మాట. తర్వాత ఏడుపు వచ్చింది. ఆ పిల్ల చేట పక్కన పెట్టి, "ఏడ్సద్దు" అనింది. ఓదార్పనుకుని తల ఎత్తినాను. "నువ్వేడిస్తే నాకు పని వస్తాదా? ఏడ్సి పోతే నీకు మనసు చల్లగయితాది. నాకు?" అనింది. లోపల నుంచి ముసలమ్మ, "ఎవరే అది?" అని అడిగితే, "తప్పెటమ్మ" అని చెప్పింది. నాకు ఎగువపేటలో ఆ పేరు ఉందని అప్పుడు తెలిసింది.

ఆ మాట మంచికే అయింది. కన్నీళ్ళు తుడుచుకుని నేరుగా ఎర్రిస్వామి ఇంటికి పోయినాను. ఈసారి లోపలి ఆడవాళ్ళ దగ్గరికి పోలేదు. అరుగు మీద మగవాళ్ళు కూర్చుని ఉండగానే ఎదురుగా నిలబడినాను. ఇన్నేళ్ళలో నేను పదిమంది మగవాళ్ళ ముందు నోరు తెరవడం నువ్వు చూసినావా? వరస మార్పించమన్నాను.

ఎర్రిస్వామి నవ్వినాడు. "ఏమ్మా, వరస పెట్టమంటివి, పెడితిమి. ఇప్పుడు మార్చమంటావు. నీ మాట కూడా ఏటి ఇసక మాదిరే జారతాందే!" అందరూ నవ్వినారు.

"వరస ఉండనీ స్వామీ" అన్నాను. "మొదటి కడవ మాత్రం చిన్నక్కది. ఆ చెలమ తవ్వింది ఆ పిల్ల. అది ఏటి న్యాయమని మీకందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియలేదు. కడపటి బిందె నాది. రోజూ నీళ్ళు తోడి పారబోసి ఊరందరినీ నిలబెట్టింది నేను. ఆ పిల్లకు పని పోయింది నా వల్ల. ఈ మాటలన్నీ మారెప్ప తప్పెట కొట్టి చెప్పాలి."

ఎవరూ నవ్వలేదు. ఎర్రిస్వామి గొంతు తగ్గించి, "పోనీలేమ్మా, నీ ఇంటి మర్యాద వీధిలో పెట్టుకునేదెందుకు?" అన్నాడు. ఆ పిల్ల మర్యాదను వీధిలో పెట్టినప్పుడు ఈ మాట ఎవరూ అనలేదు కదా స్వామీ అన్నాను. మూలన నిలబడి ఉన్న మారెప్ప తల గోక్కుంటూ, "నీ పేరు గూడా చెప్పాల్నా అమ్మా?" అని అడిగినాడు. చెప్పమన్నాను.

సాయంత్రం తప్పెట మోగింది. నేను తలుపు వేసుకోకుండా వాకిట్లోనే నిలబడి విన్నాను. మారెప్ప అన్నీ చెప్పినాడు గానీ నా పేరు దగ్గరికి వచ్చేసరికి మింగేసి, "ఒకమ్మ" అన్నాడు. ఆ ఒకమ్మ ఎవరో తెలియని కుక్క కూడా లేదు మా వీధిలో. పక్క వాకిట్లో చౌడక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "వీని దయ తగలెయ్య, పేరు చెప్పేదానికే గదా కూలి!" అనింది. నాకు నవ్వు వచ్చింది అక్కా. ఎన్నాళ్ళకో.

మీ మరిది తనంతట తానే కరువు పని మేస్త్రీ దగ్గరికి పోయి మాట్లాడి వచ్చినాడు. సోమవారం నుంచి చిన్నక్కను రమ్మన్నాడట. మధ్యలో ఆ ఇంట్లో పొయ్యి వెలగని పూటలు మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. అది నాతోనే ఉంటుంది.

మరుసటి రోజు నుంచి ఏటికి పోతున్నాను. తడిబట్ట కట్టుకోవడం లేదు, ఉతికిన బట్ట చాలనుకున్నాను. వరస చివర నిలబడతాను. కళ్ళు తెరుచుకునే నామం చెప్పుకుంటాను. వరస చివర నుంచి చూస్తే ఏరు వేరే మాదిరి కనపడుతుంది అక్కా. ముందున్నవాళ్ళు ఒక్కొక్క చిప్ప తోడుకుంటుంటే, నాకు మిగులుతాయా లేదా అని గుబులు పుడుతుంది. ఇన్నాళ్ళు వాళ్ళకు పుట్టిన గుబులు ఇదే కదా. మొదటిరోజు అడుగున బురద కలిసిన నీళ్ళే దక్కినాయి. చిల్లగింజ అరగదీసి తేర్చి, దేవునికి అవే పెట్టినాను. ఆయన ఏమీ అనలేదు.

ఆ తేరిన నీళ్ళతోనే కొంచెం పానకం చేసినాను. నవమి ఎప్పుడో పోయింది. అయినా చేసినాను. చౌడక్క తిరిగి పంపిన ఆ చెంబులోనే పోసి చిన్నక్క ఇంటికి తీసుకుపోయినాను. లోపలికి పిలవలేదు. "ఆడ పెట్టు" అని గడప చూపించింది. పెట్టి వచ్చేసినాను. తాగుతుందో, పారబోస్తుందో. పారబోస్తే అడిగే హక్కు నాకు లేదనుకున్నాను. రెండు రోజులు గడిచినాయి, చెంబు రాలేదు.

నిన్న సాయంత్రం దీపం పెట్టే వేళకు వాకిట్లో అలికిడయింది. చిన్నక్క. మోచేతుల దాకా తడి ఇసుక, చెలమ పూడిక తీసి అట్లే వచ్చినట్టుంది. చేతిలో నా చెంబు. తోమి తెచ్చింది, తళతళమంటోంది. అంచు దాకా నీళ్ళు.

"ఖాళీ చెంబు తిరిగి ఇయ్యకూడదంటారు గదమ్మా" అనింది. "ఇంట్లో పెట్టేదానికి ఏం లేదు. నీళ్ళు తెచ్చినా." చెంబు ఇస్తూ నా కళ్ళలోకే చూసింది. "నా చేతి నీళ్ళు. పారబోస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం."

రెండు చేతులతో తీసుకున్నాను. ఆ పిల్ల చూస్తుండగానే లోపలికి తీసుకుపోయి దీపం ముందు పెట్టినాను. తులసిదళం వేసినాను. మీ మరిది అంగడి నుంచి అప్పుడే వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎప్పటి మాదిరే తీర్థానికి చెయ్యి చాపినాడు. ఆయనకు ఇచ్చి, నేనూ తీసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. బండ పక్క నీళ్ళు కదా.

వెనక్కు తిరిగి చూస్తే చిన్నక్క ఇంకా వాకిట్లోనే ఉంది. "పానకంలో మిరియాలు ఎక్కువైనాయి. మా అత్తకు దగ్గొచ్చింది" అనింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్టు దిగి, నాలుగు అడుగులు పోయి, మళ్ళీ తిరిగింది. "రేపు అంత జల్దీ రావద్దు. కడాదానివి గదా, నిదానంగా రా."

అది దెప్పిపొడుపో, పిలుపో నాకు తెలియలేదు. పిలుపే అనుకుంటున్నాను. గది వెతకవద్దు అక్కా.

సుబ్బరత్న